బెరీ నాలుగు చక్రాల గూడ్సు ఇంజన్లు

విక్టోరియా రాణి పాలన తొలి సంవత్సరాల్లో బ్రిటన్ రైలుమార్గాల మీద సరుకు బండ్లు లాగిన ఆవిరి ఇంజన్లలో ఇదొక ప్రసిద్ధ తరగతి. లివర్‌పూల్‌లోని క్లారెన్స్ ఫౌండ్రీ యజమాని ఎడ్వర్డ్ బెరీ, ఆయన దగ్గర ఫోర్‌మన్‌గా చేరి తర్వాత భాగస్వామి అయిన జేమ్స్ కెన్నెడీ దీనికి రూపకర్తలు. నాలుగే చక్రాలు, ఆ నాలుగింటినీ ఆవిరే తిప్పడం, ఇనుప కడ్డీల చట్రం, చక్రాల మధ్య దాగిన సిలిండర్లు, వెనక వైపు గుండ్రటి కప్పుతో పైకి లేచిన ఫైర్‌బాక్స్ (నిప్పు మండే పెట్టె): వీటిని బట్టి బెరీ ఇంజన్‌ను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. 1830లలో లండన్ అండ్ బర్మింగ్‌హాం రైల్వే మీద వెలిగి, 1840లలో విమర్శల పాలై, 1851 నాటికి తయారుచేసిన కర్మాగారమే మూతపడినా, వాయవ్య ఇంగ్లండ్‌లోని ఫర్నెస్ రైల్వే మీద ఇవి శతాబ్దం చివరి దాకా పనిచేశాయి. ఆ రైల్వే 3వ నంబరు ఇంజన్, 1846లో తయారైంది, ఈనాటికీ భద్రంగా ఉంది.

ఈ ఇంజన్ల గురించి రాసిన పాత పుస్తకాలు చాలావరకు వీటిని ఒక పొరపాటు దారిగా చూపాయి. ఆ తీర్పు సగమే నిజం. వేగంగా పోయే ప్రయాణికుల బండికి, నానాటికీ బరువెక్కే ప్రధాన మార్గపు రద్దీకి ఈ నమూనా చాలలేదన్నది వాస్తవం. కానీ చిన్న దూరం, తక్కువ వేగం, బరువైన ఖనిజం ఉన్నచోట ఇంత తక్కువ సరంజామాతో ఇంత కాలం నిలిచిన ఇంజన్లు ఆ తరంలో అరుదు. ఏ పనికి పుట్టిందో ఆ పనిలో పెట్టి చూస్తేనే ఏ యంత్రం విలువైనా తేలుతుంది.

పుట్టుక

బెరీ 1794లో మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో పుట్టాడు. 1820లలో లివర్‌పూల్ చేరి ఇంజనీరింగ్ కార్ఖానా పెట్టాడు. అప్పుడే లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల మధ్య రైలుమార్గం వేస్తున్నారు. ఏ ఇంజన్ వాడాలో తేల్చడానికి 1829 అక్టోబరులో రెయిన్‌హిల్ దగ్గర పోటీలు పెట్టారు. స్టీఫెన్‌సన్‌ల ‘రాకెట్’ గెలిచిన పోటీలు అవే. వాటిలో దిగాలని బెరీ కూడా తన మొదటి ఇంజన్ ‘డ్రెడ్‌నాట్’ మొదలుపెట్టాడు గాని అది వేళకు పూర్తికాలేదు. మరుసటి ఏడాది నడిచినా పేరు తెచ్చుకోలేదు.

రెండో ప్రయత్నం ‘లివర్‌పూల్’ (1830). బెరీ పద్ధతికి పునాది ఇదే. కడ్డీల చట్రం, లోపలి సిలిండర్లు, వంపు తిరిగిన ఇరుసు, గుండ్రటి ఫైర్‌బాక్స్ దీనిలో కనిపించాయి. 6 అడుగుల వ్యాసమున్న దాని చక్రాలు మరీ పెద్దవని, ప్రమాదమని జార్జ్ స్టీఫెన్‌సన్ అభ్యంతరం చెప్పాడు. అదే ఏడాది స్టీఫెన్‌సన్ కర్మాగారం నుంచి ‘ప్లానెట్’ వచ్చింది. దానికీ సిలిండర్లు లోపలే, ఇరుసూ వంపుదే. ఆ ఆలోచన ముందు ఎవరికి తట్టిందన్న తగాదా ఆ రోజుల్లోనే మొదలై ఇంజనీర్ల సమావేశాల దాకా పాకింది. కెన్నెడీ అంతకుముందు న్యూకాసిల్‌లో స్టీఫెన్‌సన్ కర్మాగారంలోనే పనిచేసి వచ్చినవాడు కాబట్టి, రెండు చోట్లా ఒకే తరహా ఆలోచనలు పెరిగాయంటే ఆశ్చర్యం లేదు.

రైల్వేలు మొదలైన కొత్తలోనే ఒక సంగతి తేలిపోయింది. ప్రయాణికుల బండికి, సరుకు బండికి ఒకే ఇంజన్ సరిపోదు. ప్రయాణికులకు వేగం కావాలి, అంటే పెద్ద చక్రం. సరుకుకు లాగుడు బలం కావాలి, అంటే చిన్న చక్రం. పైగా ఇంజన్ బరువంతా ఆవిరి తిప్పే చక్రాల మీదే పడాలి. లేకపోతే పట్టా మీద పట్టు చాలక చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అందుకే ముందు వెనక చక్రాలను బయటి కడ్డీలతో జతచేశారు. 1831లో స్టీఫెన్‌సన్‌లు లివర్‌పూల్–మాంచెస్టర్ సరుకు కోసం ఇచ్చిన ‘శాంసన్’, ‘గోలయత్’ ఇలా నాలుగు చక్రాలూ జతచేసినవే. బెరీ కూడా తన ఇంజన్లను రెండు రకాలుగా స్థిరపరిచాడు. వెనక చక్రాల జతను మాత్రమే ఆవిరి తిప్పేది ప్రయాణికులకు, నాలుగూ జతగా తిరిగేది గూడ్సుకు. మిగతా అంగాలన్నీ రెంటికీ దాదాపు ఒకటే. తయారీలోనూ మరమ్మతులోనూ ఇది పెద్ద సౌకర్యం.

నిర్మాణం

బెరీ ఇంజన్‌కు ప్రాణం దాని చట్రం. ఆ కాలపు ఇతర బ్రిటిష్ తయారీదారులు చట్రానికి దళసరి చెక్కకు రెండు వైపులా ఇనుప రేకులు బిగించి వాడేవారు. చక్రాల బయట ఒక చట్రం, లోపల మళ్లీ కొన్ని చట్రాలు ఉండేవి. స్టీఫెన్‌సన్ ప్లానెట్ తరహాలో వంపు ఇరుసును అటూ ఇటూ పలుచోట్ల బేరింగులు పట్టి ఉంచేవి. బెరీ ఇదంతా తీసేశాడు. సమ్మెటతో సాగగొట్టిన ఇనుప కడ్డీలను పైన ఒకటి, కింద ఒకటిగా అమర్చి, ఇరుసు పెట్టెలు ఉండే చోట నిలువు ముక్కలతో అతికాడు. చట్రమంతా చక్రాల లోపలి వైపే ఉంటుంది, ఒక్కో ఇరుసుకు రెండే బేరింగులు. చూడటానికి బక్కపలచగా ఉన్నా, కమ్మరి కొలిమి ఉన్న ఏ ఊళ్లోనైనా బాగుచేసుకోదగ్గ పని అది. కడ్డీల సందుల్లోంచి చేయి పెట్టి లోపలి కీళ్లకు నూనె వేయవచ్చు, అరిగిన భాగాన్ని కళ్లతో చూడవచ్చు.

ఇరుసు విరిగితే ఏమిటన్నది ప్రత్యర్థుల ప్రశ్న. పలు బేరింగులు ఉంటే విరిగిన ఇరుసు కూడా పడిపోకుండా నిలుస్తుందని స్టీఫెన్‌సన్ వాదం. అన్ని బేరింగులూ ఒకే వరసలో ఎప్పటికీ ఉండవని, వరస తప్పిన బేరింగే ఇరుసును వంచి విరుస్తుందని బెరీ పక్షం జవాబు. ఆనాటి కొలత పనిముట్లు ఎంత మోటువో తెలిసినవారికి ఈ జవాబులో పస కనిపిస్తుంది.

ఇక ఫైర్‌బాక్స్. బెరీ ఇంజన్ బొమ్మ చూసినవారు మరిచిపోనిది ఇదే. బాయిలర్ వెనక భాగంలో బోర్లించిన గుండిగలా నిలబడి ఉంటుంది. పైనుంచి చూస్తే, బాయిలర్‌కు ఆనుకున్న వైపు చదునుగా, మిగతా మూడు వైపులా గుండ్రంగా ఉంటుంది; నెత్తిన అర్ధగోళపు కప్పు. ఆవిరి ఒత్తిడికి చదును రేకు బయటికి ఉబ్బాలని చూస్తుంది; దాన్ని పట్టి ఉంచడానికి వందలాది ఇనుప బందులు కావాలి. గుండ్రటి రేకుకు ఆ బెడద చాలా తక్కువ, దాని ఆకారమే దానికి బలం. ఇంకో లాభం కూడా ఉంది. నీటి మట్టం కన్నా కప్పు బాగా ఎత్తులో ఉంటుంది కనుక అక్కడ చేరే ఆవిరిలో నీటి తుంపర తక్కువ. సిలిండర్‌కు ఆవిరిని అక్కడి నుంచే తీసుకుంటారు. నీళ్లు కలిసిన ఆవిరి సిలిండర్‌లోకి వెళితే బలం తగ్గడమే కాక, సిలిండర్ మూత పగిలే ప్రమాదమూ ఉంది.

అయితే ఈ నమూనా ఎదుగుదలకు అడ్డం పడ్డది కూడా ఈ ఫైర్‌బాక్సే. పట్టాల మధ్య దూరం 4 అడుగుల 8½ అంగుళాలు. చక్రాలు, చట్రం పోగా మధ్యలో మిగిలే చోటు ఇంకా తక్కువ. గుండ్రటి పెట్టె వెడల్పు ఆ చోటును మించకూడదు. నలుచదరపు పెట్టె అయితే వెడల్పు పెంచలేకపోయినా పొడవు పెంచుకుంటూ పోవచ్చు. గుండ్రటిదానికి ఆ వీలు లేదు. అంటే నిప్పు మండే జాలీ విస్తీర్ణం ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. నిప్పు ఎంతో ఆవిరి అంత, ఆవిరి ఎంతో లాగుడు అంత. ప్రత్యర్థులు రచ్చ చేసిన చక్రాల లెక్క కన్నా, బెరీ ఇంజన్‌ను అసలు కట్టిపడేసింది ఈ జ్యామితే అని నా అభిప్రాయం.

సిలిండర్లు రెండూ ముందు వైపు పొగపెట్టె అడుగున, చక్రాల మధ్య బిగించి ఉంటాయి. వేడి పొగ చుట్టూ ఉండటంతో అవి చల్లబడవు, ఆవిరి చల్లారి నీరు కావడం తగ్గుతుంది. పిస్టన్ల ఊపు వంపు ఇరుసుకు, అక్కడి నుంచి బయటి కడ్డీల ద్వారా రెండో ఇరుసుకు చేరుతుంది. వాడి పారేసిన ఆవిరి పొగగొట్టంలోకి ఎగజిమ్ముతూ నిప్పును రాజేస్తుంది.

బాయిలర్‌లోకి నీరు పంపే ఏర్పాటు గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఆనాటి డ్రైవరు పాట్లు దాంట్లో తెలుస్తాయి. ఇంజన్ నిలబడి ఉన్నా నీరు ఎక్కించే ఇంజెక్టర్ అనే సాధనానికి ఫ్రాన్స్‌లో జిఫార్ పేటెంటు తీసుకున్నది 1858లో. అంతకుముందు నీటి పంపులు ఇంజన్ కదలికతోనే ఆడేవి. బండి నడుస్తుంటేనే బాయిలర్‌కు నీరు. స్టేషన్‌లోనో సిగ్నల్ దగ్గరో ఎక్కువసేపు నిలబడితే మట్టం పడిపోతుంది. ఫైర్‌బాక్స్ కప్పు మీద నీరు తగ్గితే రేకు కాలి పేలుడుకు దారితీస్తుంది. అందుకని బండిని విడదీసి, ఇంజన్‌ను మాత్రం ఖాళీ పట్టా మీద ముందుకూ వెనక్కూ తిప్పి నీరు ఎక్కించుకునేవారు. డ్రైవరుకూ ఫైర్‌మన్‌కూ తలదాచుకోవడానికి కప్పు లేదు, ముందు అద్దం లేదు. నిలబడేది ఇనుప పలక మీద, ఎదుట సెగ కక్కే గుండ్రటి ఫైర్‌బాక్స్, వీపున సముద్రపు గాలి. ఇంజన్‌కు బ్రేకు ఉండేది కాదు. వెనక కోక్, నీళ్లు మోసే టెండరుకు చెక్క దిమ్మలతో చేతి బ్రేకు, బండి చివర గార్డు దగ్గర మరొకటి. బండి ఆపడం ఇద్దరు ముగ్గురి మధ్య ఈల సంకేతాలతో సాగే పని.

తొలినాళ్లలో వీటిలో కాల్చింది రాతిబొగ్గు కాదు, కోక్. రైలు ఇంజన్లు తమ పొగను తామే హరించుకోవాలని చట్టం ఉండేది. బొగ్గును పొగ రాకుండా కాల్చే ఉపాయాలు 1850ల చివర గాని కుదరలేదు.

లండన్–బర్మింగ్‌హాం రోజులు

1838లో పూర్తిగా తెరుచుకున్న లండన్ అండ్ బర్మింగ్‌హాం రైల్వే ఆనాటికి దేశంలో అతి పెద్ద రైల్వే పథకాల్లో ఒకటి. మార్గం వేసిన ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్‌సన్. కాని బండ్లు నడిపే గుత్త దక్కింది బెరీకి. తన కొలతల ప్రకారం కంపెనీ ఇంజన్లు కొనిపెట్టాలి, ప్రయాణికుడికి మైలుకింత, సరుకు టన్నుకింత చొప్పున తీసుకుని తాను నడపాలి: ఇదీ ఒప్పందం. రద్దీ అంచనాలను మించిపోవడంతో ఇది కొద్దికాలానికే రద్దయి, బెరీ జీతం మీద ఇంజన్ల అధికారిగా కొనసాగాడు. పోటీ కర్మాగారాలు కూడా ఆయన నమూనానే తయారుచేసి ఇవ్వాల్సి వచ్చింది. లండన్‌లోని మాడ్‌స్లే, బోల్టన్‌లోని హిక్ వంటి సంస్థలు వాటిలో ఉన్నాయి. 1841 ప్రాంతానికి ఆ మార్గం మీద సుమారు 90 ఇంజన్లు ఉంటే అన్నీ బెరీ తరహావే, అన్నీ నాలుగు చక్రాలవే. ఒకే నమూనాతో ఒక ప్రధాన రైల్వేను మొత్తంగా నడిపిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. విడిభాగాలు ఒకదానివి ఇంకోదానికి పనికిరావడం ఎంత లాభమో ఆ రైల్వేకు చెందిన వోల్వర్టన్ వర్క్‌షాపు చూపించింది.

ఇబ్బంది బరువు దగ్గర వచ్చింది. ఈ తొలి ఇంజన్లు 10, 12 టన్నుల తూకం మించవు. బండి పెద్దదైతే రెండు ఇంజన్లు కట్టాలి, ఇంకా పెద్దదైతే మూడు. ఒక్కో ఇంజన్‌కూ డ్రైవరు, ఫైర్‌మన్, విడిగా కోక్, విడిగా నీళ్లు. చిన్న ఇంజన్ కొనడానికి చవక, పట్టాల మీద భారం తక్కువ, మలుపుల్లో సుళువు అని బెరీ వాదించేవాడు. 1837లో ఆ వాదన సబబే. అప్పటి పట్టాలు పెద్ద బరువులు మోసేవి కావు. 1845 నాటికి పట్టాలు మారాయి, సరుకు మారింది, బెరీ మాత్రం మారలేదు. ఈలోగా 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న బండికి ముందున్న ఇంజన్ ఇరుసు విరిగి, వెనక పెట్టెలు దాని మీద పడి తగలబడ్డాయి. తాళాలు వేసిన పెట్టెల్లో యాభై మందికి పైగా చనిపోయారు. దక్షిణ ధ్రువ ప్రాంతాల అన్వేషకుడు ద్యుమాన్ ద్యుర్విల్ కుటుంబమంతా అందులో బలైంది. ఆ ఇంజన్ బెరీ కర్మాగారానిది కాదు. అయినా నాలుగు చక్రాల ఇంజన్లన్నిటి మీదా అనుమానపు నీడ పడింది. ఆరు చక్రాలైతే ఒక ఇరుసు పోయినా మిగతా రెండు నిలబెడతాయన్న మాట జనానికి తేలిగ్గా ఎక్కింది.

1847లో బెరీ ఇంజన్ల అధికారి ఉద్యోగం వదిలాడు, ఆయన స్థానంలో వోల్వర్టన్‌కు మెకానెల్ అనే ఇంజనీరు వచ్చి పెద్ద ఇంజన్ల దారి పట్టాడు. బెరీ కొంతకాలం గ్రేట్ నార్తర్న్ రైల్వేలో పనిచేసి 1850లో దాన్నీ విడిచాడు. మరుసటి ఏడాదికి క్లారెన్స్ ఫౌండ్రీ మూతపడింది. ఇరవై ఏళ్లలో అక్కడి నుంచి నాలుగు వందలకు పైగా ఇంజన్లు వెళ్లాయి. బెరీ 1858లో కన్నుమూశాడు. కెన్నెడీ 1860లో మెకానికల్ ఇంజనీర్ల సంస్థకు అధ్యక్షుడయ్యాడు.

ఫర్నెస్ రైల్వే: అసలు కొలువు

ఇంగ్లండ్ వాయవ్య కొసన, మోర్‌కాంబ్ అఖాతానికి డడన్ నదీముఖానికి మధ్య సముద్రంలోకి చొచ్చుకుపోయిన భూభాగం ఫర్నెస్. అప్పట్లో లాంకషైర్‌లో ఉండేది, ఇప్పుడు కంబ్రియా. డాల్టన్, లిండల్ చుట్టుపక్కల భూమిలో ఎర్రటి హెమటైట్ ఇనుప ఖనిజం, కర్క్‌బీ కొండల్లో పలక రాయి. ఖనిజాన్ని గుర్రపు బళ్ల మీద గోతుల దారిలో తీరానికి చేర్చి ఓడల్లో వేసేవారు. బకలూ డ్యూకు, బర్లింగ్‌టన్ ఎర్లు ఈ భూముల పెద్ద యజమానులు. వారి అండతో 1844లో పార్లమెంటు చట్టం వచ్చి, 1846లో రైలు నడిచింది. కర్క్‌బీ నుంచి, డాల్టన్ నుంచి బారో అనే చిన్న పల్లె దగ్గరి రేవుకు మార్గం. మొదట ఖనిజం, పలక రాయి. ఆ ఏడాదే కొన్నాళ్లకు ప్రయాణికులు.

దేశంలోని మిగతా రైలుమార్గాలతో దీనికి సంబంధమే లేదు. తూర్పున లాంకాస్టర్ వైపు నదీముఖాల మీద వంతెనలు కట్టి కలిపింది 1857లో. కాబట్టి ఫర్నెస్ రైల్వే మొదటి ఇంజన్లు సముద్రం మీదుగా దిగాయి. 1844–46 మధ్య బెరీ, కర్టిస్ అండ్ కెన్నెడీ సంస్థ తయారుచేసిన 1 నుంచి 4 నంబర్ల గూడ్సు ఇంజన్లు అవి. ప్రారంభంలో రైల్వే ఆస్తి ఈ నాలుగే. ఖనిజం లాగేది అవే, ప్రయాణికులను లాగేదీ అవే.

వాటి వెంటే కంపెనీలో చేరిన యువకుడు జేమ్స్ రామ్స్‌డెన్. క్లారెన్స్ ఫౌండ్రీలోనే పని నేర్చుకుని, ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసులో 1846లో ఫర్నెస్ ఇంజన్ల అధికారి అయ్యాడు. ఆ ఇంజన్లలో ప్రతి కీలూ ఆయనకు తెలుసు. తర్వాత రైల్వే మేనేజరై, 1867లో బారో పట్టణానికి మొదటి మేయరై, 1872లో సర్ బిరుదు పొందాడు. 3వ నంబరు ఇంజన్ అంత దీర్ఘాయుష్షు పొందడంలో, దాన్ని పెంచిన కర్మాగారంలోనే పెరిగిన మనిషి పైస్థాయిలో ఉండటం కూడా ఒక కారణం అనుకోవచ్చు.

3వ నంబరు కొలతలు చూస్తే పదేళ్లలో బెరీ నమూనా ఎంత ఎదిగిందో తెలుస్తుంది. సిలిండర్ వ్యాసం 14 అంగుళాలు, పిస్టన్ నడక 24 అంగుళాలు, చక్రాలు 4 అడుగుల 9 అంగుళాలు, ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళానికి 110 పౌండ్ల దాకా, బరువు సుమారు 20 టన్నులు. ఈ అంకెలతో లెక్కవేస్తే లాగుడు బలం దాదాపు 7,700 పౌండ్లు, అంటే సుమారు మూడున్నర టన్నులు. బర్మింగ్‌హాం రోజుల ఇంజన్లకు దాదాపు రెండింతల తూకం, ఆ తూకమంతా జతచేసిన చక్రాల మీదే. గనుల నుంచి రేవుకు వెళ్లే కొద్ది మైళ్ల దూరానికి, నెమ్మదిగా నడిచే ఖనిజం బండ్లకు ఇంతకు మించి అక్కర్లేదు. ఫైర్‌బాక్స్ వెనక ఇరుసు దాటి వేలాడుతుండటం వల్ల వేగం పెరిగితే ఈ ఇంజన్లు ముందుకూ వెనక్కూ ఊగుతాయని ఫిర్యాదు ఉండేది. ఫర్నెస్‌లో ఆ వేగమే లేదు కనుక ఆ లోపం బయటపడే సందర్భమూ తక్కువే.

గుండ్రటి ఫైర్‌బాక్స్ మీద రాగి రేకు తొడిగి ఉండేది. దాన్ని తోమి మెరిపించడం పనివాళ్లకు గర్వకారణం. ఆ మెరుపు వల్లే 3వ నంబరుకు ‘కాపర్‌నాబ్’ అన్న ముద్దుపేరు స్థిరపడింది.

ఈ ఇంజన్లు మోసిన ఖనిజమే ఆ ప్రాంతపు రాత మార్చింది. 1850లో హెన్రీ ష్నైడర్ పార్క్ అనే చోట పెద్ద హెమటైట్ నిక్షేపం కనుగొన్నాడు. 1859లో బారోలోనే కొలుములు వెలిశాయి. భాస్వరం దాదాపు లేని ఈ ఖనిజం, బెస్సెమర్ 1856లో ప్రకటించిన ఉక్కు పద్ధతికి చక్కగా సరిపోయింది. 1864లో బారో హెమటైట్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. 1840ల మొదట్లో కొన్ని పదుల గడపల పల్లెగా ఉన్న బారోలో 1881 జనాభా లెక్కల నాటికి 47 వేల మంది ఉన్నారు. తొలి అడుగు నాలుగు చిన్న ఇంజన్లది.

గనులు తవ్వి తవ్వి నేల గుల్లబారిన సంగతీ ఈ మార్గం చరిత్రలో భాగమే. 1892 సెప్టెంబరు 22న లిండల్ దగ్గర షంటింగు చేస్తున్న 115వ నంబరు ఇంజన్ కింద నేల కుంగిపోయింది. డ్రైవరు దూకి బతికాడు. టెండరును పైకి లాగగలిగారు గాని ఇంజన్ ఇంకా లోతుకు జారిపోయి నేటికీ భూగర్భంలోనే ఉంది. అది బెరీ ఇంజన్ కాదు, 1881 నాటి ఆరు చక్రాల గూడ్సు. అప్పటికి కాపర్‌నాబ్ ఇంకా ఉద్యోగంలోనే ఉంది.

వారసులు

క్లారెన్స్ ఫౌండ్రీ పోయినా ఫర్నెస్ రైల్వే తన ఇష్టం మార్చుకోలేదు. అదే పోలికలో నాలుగు చక్రాల గూడ్సు ఇంజన్లను మాంచెస్టర్‌లోని ఫెయిర్‌బెయిర్న్ సంస్థ చేత, ఆ తర్వాత షార్ప్ స్టూవర్ట్ సంస్థ చేత 1860ల దాకా చేయించుకుంది. 1863లో వచ్చిన 20వ నంబరు ఆ కోవలోది. 1870లో దాన్ని ఉక్కు కర్మాగారానికి అమ్మేశారు. అక్కడ టెండరు తీసేసి, బాయిలర్ మీద జీనులా నీటి తొట్టి అమర్చి 1960 వరకు వాడారు. 1999లో మళ్లీ పాత రూపానికి తెచ్చి ఆవిరితో నడిపారు. దేశంలోని మిగతా రైల్వేలు మాత్రం 1850 దాటేసరికి ఆరు చక్రాలూ జతచేసిన గూడ్సు ఇంజన్‌కు మళ్లాయి. తర్వాత నూరేళ్లు బ్రిటన్ సరుకు రవాణాకు అదే వెన్నెముక.

కడ్డీల చట్రం కథ వేరు. స్వదేశం కాదన్న దాన్ని అమెరికా నెత్తిన పెట్టుకుంది. 1830లలోనే బెరీ ఇంజన్లు అట్లాంటిక్ దాటి వెళ్లాయి. హడావుడిగా వేసిన ఎగుడుదిగుడు పట్టాల మీద, కొద్దిగా సాగి ఒదిగే కడ్డీ చట్రం బ్రిటిష్ రేకు చట్రం కన్నా బాగా నిలిచింది. అక్కడి తయారీదారులు దాన్నే ప్రమాణంగా తీసుకుని ఆవిరి యుగం చివరి దాకా సాగించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బాల్డ్‌విన్ కర్మాగారం నుంచి మన దేశానికి దిగిన ఏడబ్ల్యూడీ వంటి, జతచేసిన ఎనిమిది చక్రాలున్న గూడ్సు ఇంజన్లు ఈ అమెరికన్ సంప్రదాయం నుంచి వచ్చినవే. పనితనంలో వాటికీ కాపర్‌నాబ్‌కూ పోలిక లేదు గాని చట్రం గోత్రం ఒకటే.

మిగిలినవి

కాపర్‌నాబ్‌ను 1890ల చివర విశ్రాంతికి పంపారు. అప్పటికి దాని సర్వీసు యాభై ఏళ్లు దాటింది. పాత ఇనుము కింద కరిగించకుండా, ఫర్నెస్ రైల్వే దాన్ని బారో స్టేషన్ ముంగిట అద్దాల మంటపంలో నిలబెట్టింది. పాత ఇంజన్లను ఇలా కాపాడాలన్న స్పృహ చాలా కంపెనీలకు లేని రోజుల్లో ఆ చిన్న రైల్వే చేసిన ఈ పని మెచ్చుకోదగ్గది. 1941 మే నెలలో ఓడల కర్మాగారం కోసం బారో మీద జర్మన్ విమానాలు బాంబులు వేసినప్పుడు స్టేషన్ దెబ్బతింది, మంటపం పగిలిపోయింది. ఇంజన్‌కు బాంబు ముక్కలు తగిలాయి. దాన్ని హార్విచ్ వర్క్‌షాపుకు తరలించి దాచారు. యుద్ధం తర్వాత లండన్‌లోని క్లాపం మ్యూజియంకు, అక్కడి నుంచి 1975లో తెరిచిన యార్క్ జాతీయ రైల్వే మ్యూజియంకు చేరింది. బాంబు ముక్కల గాయాలను పూడ్చకుండా అలాగే ఉంచారు, మంచి నిర్ణయం. ఆ దెబ్బలు కూడా ఇంజన్ సర్వీసు రికార్డులో భాగమే.

అదే కర్మాగారం 1847లో ఐర్లండ్‌కు పంపిన 36వ నంబరు ప్రయాణికుల ఇంజన్ కార్క్ నగరంలో కెంట్ స్టేషన్ లోపల ఉంది. దానికి ఆరు చక్రాలు. నాలుగు చక్రాల పట్టుదల మీద పేరు నిలబెట్టుకున్న సంస్థ, కొనేవారు అడిగితే చివరి రోజుల్లో ఆరు చక్రాలు కూడా వేసి ఇచ్చిందనడానికి అది సాక్ష్యం.

బ్రిటన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారిలో యార్క్ వెళ్లి వచ్చేవారు చాలామందే. ఆ మ్యూజియంలో ప్రవేశ రుసుము లేదు. అందరూ వేగపు రికార్డు నెలకొల్పిన ఇంజన్ ‘మాలర్డ్’ చుట్టూ మూగుతారు. కాపర్‌నాబ్ దగ్గర కూడా కాస్త ఆగి, రాగి కప్పుతో సరిపెట్టుకోకుండా వంగి చక్రాల మధ్యకు చూడండి. కమ్మరి సమ్మెట కింద సాగిన ఆ కడ్డీలే ఈ ఇంజన్‌లో అన్నిటికన్నా విలువైన భాగం.